రేకుల షెడ్డు ట్రస్సు వంగితే: ముందు లాగుడో నొక్కుడో తేల్చండి

అనంతపురం చుట్టుపక్కల చెనక్కాయ గోదాములకూ వర్క్‌షాపులకూ వేసిన షెడ్లలో కప్పును మోసే ఇనుప చట్రం, అంటే ట్రస్సు, కాస్త వంగగానే వెల్డర్‌ని పిలిచి ఇంకో యాంగ్లర్ (L ఆకారపు ఇనుప కమ్మీ) అతికిస్తారు. దయచేసి తొందరపడకండి. టెన్షన్‌లో, అంటే లాగుడులో, ఉన్న ముక్క సాగుతుంది, తెగుతుంది, అంతేగానీ వంగదు. వంగిందంటే దాని మీదికి కంప్రెషన్, అంటే నొక్కుడు, వచ్చి ఉండాలి, లేదా జాయింట్ కాని చోట బరువు పడి ఉండాలి. ఏదో తేలితేనే మందు తెలుస్తుంది.

సమస్య: గోడ పైభాగం బయటికి వాలింది, పగుళ్లొచ్చాయి

ముందు కింది టై, అంటే గోడల మీది రెండు కొసలనూ కలిపే అడ్డముక్క, ఉందో లేదో చూడండి. లారీకి తగులుతోందని కోసేసినవి, కొసల్లో వెల్డింగ్ ఊడినవి తరచూ కనిపిస్తాయి.

లెక్క చిన్నదే. గోడ నుంచి గోడకు 8 మీటర్ల స్పాన్, 2 మీటర్ల ఎత్తు, కొప్పు నుంచి గోడలకు వాలిన రెండు రాఫ్టర్లు, ఒక టై, కొప్పు మీద 20 కిలోన్యూటన్లు, అంటే దాదాపు రెండు టన్నులు అనుకోండి. ఒక్కో గోడ మోసేది 10. గోడ మీది జాయింట్‌లో ఆ 10కి సరిపోవాలంటే రాఫ్టర్‌లో 22.4 కంప్రెషన్ ఉండాలి. అది బయటికి తన్నే 20ని టై లాగి పట్టుకుంటుంది. టై లేకపోతే ఆ 20 గోడ మీద పడుతుంది. ఖర్చు తగ్గుతుందని ఎత్తు 1 మీటరు చేస్తే రాఫ్టర్‌లో 41.2, టైలో 40. బరువు మారలేదు, బలాలు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి.

పరిష్కారం: కొప్పు కింద ప్రాపులు (ఊతకర్రలు) పెట్టి బరువు దించండి. తిప్పితే బిగిసే టర్న్‌బకిల్‌తో మెల్లగా లాగి, కొత్త టై రెండు కొసలా వెల్డ్ చేయించండి. బరువు మోస్తున్న టైని అలాగే కోసి అతికించడం ప్రాణాపాయం.

సమస్య: గాలివాన తర్వాత టై పక్కకు విల్లులా వంగింది

మన దగ్గర ఎక్కువగా పొరబడేది ఇక్కడే. టై ఎప్పుడూ టెన్షనే అనుకుని సన్నటి యాంగ్లర్ వేస్తారు. గాలి బరువుల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో కర్నూలుకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 39 మీటర్లు. 0.6తో ఆ వేగం వర్గాన్ని గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 912 న్యూటన్లు, అంటే 93 కిలోల ఒత్తిడి. షెడ్డు ఆకారాన్ని బట్టి గుణకాలు ఆపైన వేయాలి. రేకు బరువేమో చదరపు మీటరుకు అయిదు కిలోల చిల్లర. ఒకవైపు తెరిచిన షెడ్డులోకి గాలి దూరి కిందినుంచి ఎత్తుతుంది, పైనుంచి పీల్చేస్తుంది. కప్పు లేవబోయేసరికి బలాలు తారుమారై రాఫ్టర్‌కు టెన్షన్, టైకి కంప్రెషన్ వస్తాయి.

గాలివల్లే కంప్రెషన్ వచ్చే ముక్కకు ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800:2007 పెట్టిన సన్నదనం హద్దు 250. సన్నదనమంటే పొడవును రేడియస్ ఆఫ్ జైరేషన్‌తో, అంటే ముక్క అడ్డుకోత ఆకారాన్ని బట్టి వచ్చే కొలతతో, భాగించిన సంఖ్య. 50×50×6 యాంగ్లర్ కనిష్ఠ రేడియస్ ఆఫ్ జైరేషన్ 9.6 మిల్లీమీటర్లు. పక్కకు ఆధారం లేని పొడవు 4 మీటర్లైతే 417 వస్తుంది, 2 మీటర్లైతే 208. పొడవు సగమైతే వంగకుండా ఆపే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి లావు యాంగ్లర్ కన్నా ఆధారమే మేలు.

పరిష్కారం: వంగిన ముక్క మార్చండి. రెండేసి మీటర్లకు ఒకచోట అన్ని ట్రస్సుల టైలనూ కలుపుతూ అడ్డపట్టీలు వేసి, చివరి రెండు ట్రస్సుల మధ్య క్రాస్ బ్రేసింగ్‌కు (X ఆకారపు కమ్మీలకు) కట్టండి. అది లేకపోతే టైలన్నీ కలిసి ఒకేవైపు వంగుతాయి. గోడలోని యాంకర్ బోల్టులూ చూడండి, కప్పును కిందికి పట్టి ఉంచేవి అవే.

సమస్య: రాఫ్టర్ రెండు జాయింట్ల మధ్య కుంగింది

పర్లిన్, అంటే రేకులను మోసే అడ్డకమ్మీ, జాయింట్ మీద కూర్చోలేదు, లేదా అక్కడ బరువులెత్తే చైన్ బ్లాక్ వేలాడదీశారు. పర్లిన్‌ను జాయింట్ మీదికి జరపండి. కుదరకపోతే దాని కిందికి, దగ్గరి జాయింట్ నుంచి ఒక ముక్క చేర్చండి.

సమస్య: లెక్కలో సున్నా వచ్చిన ముక్క తీసేశాక పక్కది వంగింది

మూడు ముక్కలు కలిసే జాయింట్‌లో రెండు ఒకే గీతలో ఉండి, బయటి బరువు లేకపోతే మూడో ముక్కలో బలం సున్నా. అది ఆ ఒక్క లోడుకే. గాలి తిరిగితే అదే ముక్క పనిచేస్తుంది, పైగా కంప్రెషన్ ముక్కను మధ్యలో పట్టుకునేదీ అదే. తీసేసి ఉంటే పాత చోటే తిరిగి పెట్టించండి. మూడు ముక్కల మధ్యగీతలూ వాటిని కలిపే గసెట్ ప్లేటు మీద ఒకే బిందువులో కలిసేలా సుద్దతో గీసి చూశాకే వెల్డింగ్ మొదలుపెట్టించండి.