సాయుధ పోరాటకాలంలో స్త్రీలు చేసిన పనిని రికార్డు చేయడం ఎలా?

తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) మీ ఇంటి స్త్రీలు ఏం చేశారో తెలుసుకోదలచినవారు "అవ్వా, నువ్వు పోరాటంలున్నవా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. "నాదేమున్నది బిడ్డా, ఇంత వండిపెట్టిన" అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. మనకు కావలసింది ఆ వండిపెట్టడం గురించే.

1948లో పదిహేనేళ్లున్నవారు ఇప్పుడు తొంభై దాటినవారు. కాబట్టి కూతుళ్లను, కోడళ్లను కూడా అడగండి. అయితే వారు కళ్లారా చూసినదాన్ని, విన్నదాన్ని వేర్వేరుగా రాసుకోండి.

సంవత్సరం అడగవద్దు. "రజాకార్లు రాకముందా, వచ్చినంకనా?", "యూనియన్ సైన్యం వచ్చేనాటికి పెద్దోడు పుట్టిండా?" అని అడిగి, ఆ జవాబులను తెలిసిన తేదీలతో మీరే సరిచూసుకోండి: కడవెండిలో రైతు పోరాట కార్యకర్త దొడ్డి కొమరయ్య హత్య 1946 జూలై 4న జరిగింది, నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబరు 17న, పోరాట విరమణ 1951 అక్టోబరులో. నిజాం లొంగిన తరువాత కూడా యూనియన్ (భారత) సైన్యంతో పోరు మూడేళ్లు సాగింది గనుక, రజాకార్ల (నిజాం పక్షపు సాయుధ దండు) దాడులను, సైనిక క్యాంపుల కాలాన్ని కలిపేయకుండా విడివిడిగా అడగడం అవసరం.

పని గురించి అడిగేటప్పుడు దళం (సాయుధ పోరాటకారుల గుంపు) ఇంటికి వచ్చిన ఒక్క రాత్రిని ఎంచుకుని, పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా వరుసగా చెప్పించండి. ఎంతమంది వచ్చారు? జొన్నలు ఎవరి గరిసెలోవి? రాత్రివేళ ఇసుర్రాయి తిప్పితే చప్పుడు పక్కింటికి వినబడదా, మరి పిండి ఎప్పుడు విసిరారు? రొట్టెలు కంచె (పొదల బీడు)లోకి ఎవరు మోశారు, ఎదురైనవారికి ఏమని చెప్పారు? ఉత్తరాన్ని కొంగుముడిలో దాచారా, గడ్డిమోపులోనా? ఇలా అడిగితే, "ఇంత వండిపెట్టిన" అన్న మనిషే ధాన్యం లెక్క, కాపలా, వార్తల చేరవేత అన్నీ తానే నడిపినట్లు బయటపడవచ్చు. మల్లు స్వరాజ్యం వంటి దళ నాయకురాళ్ల పేర్లు మనకు తెలుసు. ఆ దళాలకు అన్నం పెట్టిన చేతుల లెక్క చాలావరకు ఎక్కడా లేదు.

ఫోన్‌ను నులకమంచం మీద పెట్టవద్దు. నేను మొదటిసారి ఆ పొరపాటే చేశాను. ఆమె కదిలినప్పుడల్లా కిర్రుమన్న చప్పుడే రికార్డయింది, మాట పోయింది. పీట మీద తువ్వాలు మడిచి, దానిపై ఉంచండి. ఆమె యాసను పుస్తకభాషలోకి మార్చకుండా అన్నది అన్నట్లే రాయండి. క్యాంపులలో జరిగిన అత్యాచారాల గురించి మీరుగా తవ్వకండి. ఆమే చెప్పదలిస్తే ఇంట్లో మగవారిని బయటికి పంపి, రికార్డు చేయవచ్చునో లేదో అడిగి, వద్దంటే ఆపేయండి.

విరమణ తరువాతి కాలానికి కనీసం ఒక పూట కేటాయించండి. దళం నుంచి తిరిగివచ్చిన స్త్రీని అత్తింటివారు రానిచ్చారా? మరుసటి ఏడు ఆమె ఎవరి పొలంలో కూలికి పోయింది, ఎంత గింజ ఇచ్చారు? వెట్టి పోయాక దొర ఇంటి పని ఎవరు చేశారు? ఆ కుటుంబానికి భూమి దక్కిందంటే, తహసీలు కార్యాలయంలో 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన సర్కారు రికార్డు) నకలు తీయించి, పట్టాదారు గడిలో ఎవరి పేరుందో చూడండి. ఆమె పేరు అక్కడ లేకపోతే, ఆ సంగతి కూడా ఆమె మాటల పక్కనే రాయండి.