కార్గో విమానాల డైకాస్ట్ (అచ్చులో పోసిన లోహపు) నమూనాలు: కొనే ముందు, పెట్టె విప్పే ముందు జాగ్రత్తలు

డబ్బు కట్టక ముందే అలమర లోతును టేపుతో కొలుచుకోవాలి. ఈ కొస నుంచి ఆ కొసకు 88.4 మీటర్ల రెక్కలున్న ఆంటొనోవ్ ఏఎన్-225 నమూనా 1:400 స్కేలులో, అంటే అసలులో 400వ వంతులో, 22 సెంటీమీటర్లకే సరిపోతుంది గానీ, 1:200లో 44 దాటుతుంది. బరంపురం పాత ఇళ్ల గోడ అలమరలలో అది పట్టడం కష్టం.

పెట్టె మీది పేరును మాత్రమే నమ్మకూడదు. బోయింగ్ 747-400ఎఫ్ మొదటి నుంచీ సరుకు విమానంగానే తయారైనది కాబట్టి దాని పై అంతస్తు పొట్టిగా ఉంటుంది, ముక్కు పైకి తెరుచుకుంటుంది. ప్రయాణికుల విమానాన్ని మార్చి రూపొందించిన 747-400బీసీఎఫ్‌లో పై అంతస్తు పొడవుగానే మిగిలిపోతుంది, ముక్కు తలుపు ఉండదు. అందువల్ల విక్రేతను పక్కనుంచి తీసిన ఫొటో అడిగి, పై అంతస్తు వల్ల ఏర్పడిన మూపు రెక్కకు ఎంత ముందు ముగిసిందో చూసుకోవాలి. చాలామంది ఇక్కడే మోసపోతారు.

పాత నమూనా అయితే రెక్కల మొదళ్లలో సన్నని పగుళ్లు, రంగు కింద పొక్కులు ఉన్నాయేమో పరీక్షించాలి. ఈ నమూనాలను పోసే జింక్ మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే లోహం లోపలి నుంచే విచ్చిపోతుంది, తేమ దానిని వేగవంతం చేస్తుంది, దానికి మరమ్మతు లేదు. గోపాల్‌పూర్ తీరపు గాలి తగిలే ఇళ్లలో అద్దాల తలుపుల అలమర, అందులో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయాలి. కింద తుండుగుడ్డ పరిచి, నమూనాను పొట్ట దగ్గర పట్టుకునే పైకెత్తాలి. ఇంజిన్లను, చక్రాలను, వెంట్రుకంత యాంటెనాలను తాకకూడదు.