మట్‌లో తెలుగు మెయిల్స్ అన్నీ ప్రశ్నార్థకాలే: నాకు పనిచేసింది ఇది

సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి, టెర్మినల్‌లో మెయిల్ చదివే ప్రోగ్రామ్ మట్ తెరిస్తే తెలుగు మెయిల్స్‌లో సబ్జెక్టు నుంచి సంతకం దాకా వరసగా ప్రశ్నార్థకాలే, అవే మెయిల్స్ ఫోన్‌లో మాత్రం శుభ్రంగా కనిపించేవి. ఫాంట్ మార్చాను, టెర్మినల్ మార్చాను, మట్‌నే తీసేసి మళ్లీ ఎక్కించాను, ఏం లాభం లేదు.

చివరికి సర్వర్‌లో 'లొకేల్' (భాష, అక్షరాల సెట్టింగులు చూపించే కమాండ్) అని కొడితే ఎల్‌సీ-ఆల్ ఎదురుగా ఒంటరిగా 'సీ' అని ఉంది, అంటే ఇంగ్లిష్ అక్షరాలు తప్ప తెలుగు తెలియని సెట్టింగు. ఎప్పుడో ఏదో స్క్రిప్టు కోసం బాష్‌ఆర్‌సీలో (షెల్ తెరిచినప్పుడు నడిచే ఫైలు) నేనే పెట్టి మర్చిపోయిన లైను! ముందు దాన్ని తీసేశాను. సర్వర్‌లో ఉన్నది డెబియన్ లినక్స్ కాబట్టి డీపీకేజీ-రీకాన్ఫిగర్ కమాండ్‌తో ఇంగ్లిష్ యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే ఎన్‌కోడింగ్) లొకేల్ తయారు చేయించి, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టాను. తర్వాత మట్ సెట్టింగుల ఫైలు మట్‌ఆర్‌సీలో ఎవరో చెప్పారని రాసుకున్న, ఏ ఎన్‌కోడింగ్ వాడాలో చెప్పే 'సెట్ చార్‌సెట్' లైను కూడా కొట్టేశాను, లొకేల్ సరిగ్గా ఉంటే మట్ దాన్ని చూసి తనే తెలుసుకుంటుంది. అయినా మారలేదు, ఎందుకంటే టీమక్స్ (లాగౌటైనా టెర్మినల్ సెషన్లను నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) పాత సెషన్ పాత సెట్టింగులనే పట్టుకుని కూర్చుంది. టీమక్స్ సర్వర్‌ని పూర్తిగా చంపి, లాగౌటై మళ్లీ వచ్చాక అక్షరాలు కనిపించాయి.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. మీకు యూటీఎఫ్-8 ముందే ఉంటే సమస్య వేరే చోట ఉండొచ్చు. ఒత్తులు మాత్రం నాకు ఇంకా పక్కకు జరుగుతున్నాయి, అది టెర్మినల్ గొడవ అనుకుంటా.