ఆ ప్యాకెట్ గ్లాసుడు నీళ్లకి కాదు

పోయిన వారం మా మెడికల్ షాపుకి ఒకాయన పరుగున వచ్చాడు. ఏడాదిన్నర పాపకి విరేచనాలు, ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి) పట్టిస్తున్నా ఇంకా ఎక్కువయ్యాయట. ఎలా కలిపారని అడిగాను. "లీటరు తాగదు కదండీ, గ్లాసులోనే మొత్తం వేశాం, బలంగా ఉంటుందని." పాపను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. రక్తంలో ఉప్పు పెరిగిపోయిందన్నారు.

వానలు పడుతున్నాయి. చేతులు కడుక్కోమని, నీళ్లు కాచుకోమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ ఒక్క తప్పు గురించే చెప్తా.

అసలు లోపల జరిగేది

చిన్న పేగు గోడలో ఒక ప్రోటీన్ ఉంటుంది. అది గ్లూకోజ్‌ని ఒంటరిగా రానివ్వదు. ఒక గ్లూకోజ్ అణువుకి తోడు రెండు సోడియం అయాన్లు ఉంటేనే లోపలికి పంపుతుంది. ఆ ఉప్పు, చక్కెరల వెనకే నీళ్లూ వెళ్తాయి. కలరా వచ్చినా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించే వేలమందిని బతికించారు.

లెక్క తప్పితే

పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. అది సరిగ్గా ఒక లీటరుకే. చిక్కగా కలిపితే పేగు నీళ్లు పీల్చుకోవడం పోయి, ఒంట్లో ఉన్న నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. అంటే మందు పేరుతో మనమే విరేచనాలు పెంచుతున్నాం. 200 మిల్లీలీటర్లకి చేసిన చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, తికమక అంతా అక్కడే. మొన్న చిన్నది గ్లాసులో కలిపినవాళ్లు ఈసారి పెద్దదీ గ్లాసులోనే పోస్తారు. ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అన్ని నీళ్లు. అంతే.

ఇక మిగతావి:

- సగం పొడి ఇప్పుడు, సగం రేపు అనొద్దు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరులో కలపండి, అందులోంచి కొంచెం కొంచెం పట్టండి. 24 గంటలు దాటితే పారబొయ్యండి.
- పాలల్లో, జ్యూసులో కలపొద్దు. రుచికి చక్కెర వెయ్యొద్దు.
- అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. కూల్ డ్రింక్ సంగతి అడగనే వద్దు.
- వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో పట్టండి. ఆపెయ్యొద్దు.
- తల్లిపాలు మానిపించొద్దు. అన్నం మాన్పించి కడుపు మాడ్చొద్దు.
- విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకి వెయ్యొద్దు. నన్ను అడగొద్దు, ఇవ్వను.
- డాక్టర్ జింక్ మందు రాసిస్తే, విరేచనాలు తగ్గినా చెప్పినన్ని రోజులూ వెయ్యాలి.
- "పళ్లొస్తున్నాయిలే" అని కూర్చోవద్దు.
- కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, రక్తం పడినా, పిల్ల మత్తుగా ఉన్నా మా షాపుకి రావద్దు. ఆసుపత్రికి వెళ్లండి. ప్యాకెట్ ఎన్ని నీళ్లలో కలిపారో అక్కడ దాచకుండా చెప్పండి.