బాటిల్లో ఇంటి బీర్ తేడా కొడితే: సమస్య, కారణం, పరిష్కారం

ఇంట్లో కాచిన బీర్ బాటిళ్ళకెక్కాక వచ్చే కంప్లెయింట్లలో ఎక్కువ భాగం రెండే. గ్యాస్ పట్టలేదు, లేదా మూత తీయగానే పొంగి నేలపాలైంది. ఏది జరిగినా కంగారుపడి బ్యాచ్ మొత్తం మీద ప్రయోగాలు మొదలుపెట్టకండి. ముందు ఒక బాటిల్ రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టి అప్పుడు తెరవండి, ఎందుకంటే వెచ్చటి బీర్ మంచిదైనా పొంగుతుంది, దాన్ని చూసి తీర్పు చెప్పలేం. తర్వాత ఇంకో రెండు మూడు తెరిచి, తేడా అన్నింట్లో ఉందా, కొన్నింట్లోనే ఉందా తేల్చుకోండి. అన్నింట్లో ఉంటే గొడవ బీర్‌లోనో, గ్యాస్ పుట్టడానికి బాటిల్ చేసేటప్పుడు కలిపే పంచదార లెక్కలోనో ఉంది. కొన్నింట్లోనే ఉంటే మూతనో, ఆ బాటిల్‌నో, పంచదార కలిపిన తీరునో అనుమానించాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం కారణాలు పక్కకు పోతాయి.

సమస్య: గ్యాస్ లేదు, చప్పగా ఉంది

అన్ని బాటిళ్ళూ ఇలాగే ఉండి, పోసి రెండు వారాలు కూడా కాకపోతే మీ బీర్‌కి ఏ రోగమూ లేదు, మీకే ఓపిక లేదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య రెండు మూడు వారాలు పడుతుంది, ఆల్కహాల్ ఎక్కువున్న ఘాటు బీర్‌కి ఇంకా ఎక్కువ. గది 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మామూలు ఏల్ ఈస్ట్ (వెచ్చటి చోట పనిచేసే బీర్ ఈస్ట్) దాదాపు పడుకున్నట్టే. వెచ్చటి చోటికి మార్చి, ఒక్కో బాటిల్‌నీ మెల్లగా తలకిందులు చేసి అడుగున పేరుకున్న ఈస్ట్‌ని లేపి, మళ్ళీ నిలబెట్టి ఇంకో రెండు వారాలు వదిలేయండి. మూత తీస్తే "స్స్" అని గట్టిగా వినిపించి, గ్లాసులో మాత్రం చప్పగా ఉంటే గ్యాస్ తయారైంది కానీ ఇంకా బీర్‌లో కరగలేదని అర్థం, కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది.

నెల దాటినా చప్పగానే ఉంటే రుచి చూడండి. కొద్దిగా తీపి తగిలితే పంచదార అలాగే ఉంది, ఈస్టే అలిసిపోయింది. ఆల్కహాల్ 9 శాతం దాటిన బీర్‌లోనూ, బాటిల్ చేసే ముందు నెలల తరబడి నిల్వ ఉంచిన బీర్‌లోనూ ఇది మామూలే. మూతలు తీసి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టిన డ్రై ఈస్ట్ కొన్ని చుక్కలు వేసి, కొత్త మూతలు బిగించండి. అసలు పంచదార వేయడమే మర్చిపోయి ఉంటే 330 మిల్లీలీటర్ల బాటిల్‌కి సుమారు 2 గ్రాముల లెక్కన నీళ్ళలో మరిగించి, చల్లార్చిన పాకం వేయండి. పొడి పంచదార మాత్రం వద్దు, బీర్‌లో కొంచెం గ్యాస్ ఉన్నా గింజల మీద బుడగలు కట్టి అక్కడికక్కడే పొంగిపోతుంది.

కొన్ని బాటిళ్ళే చప్పగా ఉంటే మూతలు చూడండి. క్యాపర్ (మూత బిగించే పనిముట్టు) సరిగ్గా నొక్కకపోవడం, తీగ క్లిప్పు బాటిల్ అయితే రబ్బరు రింగు పాతబడటం, ఇవే ఎక్కువ.

సమస్య: పొంగుతోంది, లేదా ఒక బాటిల్ పగిలింది

ఇక్కడ సరదా లేదు. ఒకటి పగిలిందంటే పక్కవి కూడా అదే దారిలో ఉండొచ్చు. కళ్ళద్దాలు, మందమైన గ్లవ్స్ వేసుకుని, మందపాటి గుడ్డ కప్పి, బాటిళ్ళన్నీ ఫ్రిజ్‌లోకి చేర్చండి. బాగా చల్లబడ్డాక ఓపెనర్‌తో మూత అంచు కొద్దిగా ఎత్తి గ్యాస్ వదలండి, కాసేపాగి మళ్ళీ వదలండి, తర్వాత కొత్త మూత వేయండి.

అన్నీ పొంగుతుంటే మొదట అనుమానించాల్సింది పులియడం పూర్తికాకముందే బాటిల్లో పోయడాన్ని. గ్రావిటీ (బీర్ సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) 0.002 తగ్గితే సుమారు ఒక వాల్యూమ్ గ్యాస్, అంటే లీటరు బీర్‌లో లీటరు గ్యాస్ పుడుతుంది. అంటే 1.014 దగ్గర తొందరపడి పోసిన బీర్ బాటిల్లో 1.010కి దిగితే, మీరు వేసిన పంచదార కాక అదనంగా రెండు వాల్యూమ్‌లు. మామూలు బీర్ బాటిల్‌తో 3 వాల్యూమ్‌లు దాటకపోవడమే మంచిది, కాబట్టి మిగతాది మీరే ఊహించుకోండి. ఎయిర్‌లాక్‌లో (పులిసే పాత్ర నుంచి గ్యాస్‌ని బయటికి వదిలే గొట్టం) బుడగలు ఆగాయన్నది సాక్ష్యం కాదు, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజుల తేడాతో ఒకే అంకె చూపించాలి. పులిసిన తర్వాత హాప్స్ (బీర్‌కి చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) బాగా దట్టించే వాళ్ళు ఇంకొన్ని రోజులు ఆగాలి, హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండి చక్కెరల్ని విడగొట్టి ఈస్ట్‌కి మళ్ళీ మేత పెడతాయి.

రెండో కారణం పంచదార. స్పూన్లతో కొలిచే అలవాటు మానేయండి, తూకం వేయండి. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీర్‌లో ఇప్పటికే 0.85 వాల్యూమ్ దాకా గ్యాస్ ఉంటుంది. లీటరుకి 4 గ్రాముల పంచదార ఇంకో వాల్యూమ్ ఇస్తుంది. 2.4 కావాలంటే లీటరుకి 6.2 గ్రాములు, 20 లీటర్లకి సుమారు 125 గ్రాములు. ఈ 20 లీటర్లన్నది నిజంగా బాటిళ్ళలోకి వెళ్ళే బీర్, అడుగున మడ్డితో వదిలేసే రెండు లీటర్లని ఇందులో కలిపితే గ్యాస్ పెరుగుతుంది.

మూడోది ఇన్ఫెక్షన్. వారాలు గడిచేకొద్దీ గ్యాస్ పెరుగుతూ, బీర్ పల్చబడుతూ, పులుపో లవంగం వాసనో వస్తుంటే, మెడ దగ్గర లోపలివైపు రింగు కడితే అదే. బాగుచేయడం కుదరదు, చల్లగా పెట్టి త్వరగా తాగేయడమో పారబోయడమో. (బ్రెటానోమైసిస్ అనే ఈస్ట్ మనకి ఇన్ఫెక్షన్, బెల్జియంలోని ఓర్వాల్ మఠం బీర్‌లో మాత్రం కావాలనే వాడతారు.)

కొన్ని బాటిళ్ళు పొంగి కొన్ని చప్పగా ఉంటే పాకం సరిగ్గా కలవలేదు. బకెట్ అడుగున ముందు పాకం పోసి, దాని మీదకి సైఫన్ గొట్టంతో బీర్ దింపి, గాలి కలవకుండా మెల్లగా తిప్పండి. ఒకటీ అరా మాత్రమే పొంగితే ఆ బాటిల్ లోపల మురికి మిగిలింది. నా సలహా, ప్రతి బ్యాచ్‌లో ఒక ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ బాటిల్ కూడా నింపండి. అది నొక్కితే రాయిలా ఉన్నప్పుడు గాజు బాటిళ్ళు తెరవకుండానే గ్యాస్ సంగతి తెలుస్తుంది.

సమస్య: వాసన, రుచి మారాయి

వెన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన అయితే కంగారు లేదు, ఇంకో రెండు వారాలు వెచ్చగా ఉంచితే ఈస్టే చాలావరకు సర్దుతుంది. వెన్నతో పాటు పులుపు కూడా పెరుగుతుంటే అది ఇన్ఫెక్షన్ కింద లెక్క. ఆసుపత్రి వాసన వస్తే నీళ్ళలోనో, బ్లీచింగ్‌తో కడిగిన సామాన్లలోనో క్లోరిన్ మిగిలింది, దానికి మందు లేదు. వెలుతురు తగిలి కంపు కొట్టే బీర్‌కీ లేదు. ఆకుపచ్చ, తెల్ల గాజు వెలుతురుని దాదాపు ఆపవు, బ్రౌన్ బాటిలే వాడి చీకట్లో పెట్టండి.

తడిసిన అట్టపెట్టె రుచి వస్తే గాలి కలిసింది. బాటిల్ నింపేటప్పుడు చిలికినట్టు పోయడం, పైన మరీ ఎక్కువ ఖాళీ వదలడం కారణాలు. రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ చాలు. హాప్స్ దట్టించిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అయితే రంగు కూడా నల్లబడి, సువాసన వారాల్లోనే పోతుంది. అసలు ఐపీఏని, గోధుమ బీర్‌ని మాగబెట్టాలనుకోవడమే తప్పు. ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్ లాంటి ఘాటువే నెలలు, ఏళ్ళు నిలుస్తాయి. గ్యాస్ పట్టాక వాటిని 10 నుంచి 13 డిగ్రీల దగ్గర, చీకట్లో, నిలబెట్టి ఉంచండి. వేడిలో ఎక్కువకాలం ఉంటే చచ్చిన ఈస్ట్ నుంచి సోయాసాస్ లాంటి రుచి దిగుతుంది.

సమస్య: మసకగా ఉంది, అడుగున మడ్డి

చల్లబడినప్పుడే మసకబారి, వెచ్చబడితే తేరుకుంటే అది ప్రోటీన్ల పని, రుచికి నష్టం లేదు. పల్చటి మడ్డి పొర అసలు సమస్యే కాదు, గ్యాస్ పుట్టించింది అదే. బాటిల్‌ని రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టి, ఆపకుండా ఒకే ధారగా పోసి, చివరి కాస్త బాటిల్లోనే వదిలేయండి.