పాత మోటార్‌హోమ్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ: సంతకం పెట్టే ముందు జాగ్రత్తలు

మే నెలాఖరున మెమోరియల్ డే వచ్చిందంటే అమెరికాలో ఆర్వీల (లోపల పడక, వంటగది ఉండే మోటార్‌హోమ్‌లాంటి బండ్ల) సీజన్ మొదలైనట్టే. పిల్లలకు సెలవులు, యెల్లోస్టోన్ ప్లాను, ఊరూరా హోటల్ బిల్లులెందుకు, సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ ఒకటి కొనేద్దాం అన్న మాట మనవాళ్ల ఇళ్లలోనూ వినిపిస్తుంది. బేరం తెగాక డీలర్ మిమ్మల్ని ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి ఒక కాగితం ముందుకు జరుపుతాడు. అదే ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే డబ్బు కడితే కొన్నేళ్లపాటు రిపేర్ల ఖర్చు భరిస్తామనే కాంట్రాక్టు. అప్పటికే బయట పిల్లలు ఆకలని గొడవ చేస్తుంటారు. ఆ రోజు మాత్రం సంతకం పెట్టకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇలాంటివి బయట కూడా అమ్ముతారు, ధర దగ్గర బేరమూ ఆడొచ్చు. ఆర్వీ లోను పదిహేనేళ్లు ఉంటే, అందులో కలిపేసిన వారంటీ గడువు నాలుగైదేళ్లకే అయిపోయినా దాని మీద వడ్డీ చివరిదాకా కడుతూనే ఉంటారు.

దీన్ని ఇచ్చేది సాధారణంగా బండి తయారుచేసిన కంపెనీ కాదు, మధ్యలో ఇంకో కంపెనీ. దాని వెనక ఏ ఇన్సూరెన్స్ సంస్థ ఉందో అడగండి. కార్లకు ఇలాంటి కాంట్రాక్టులు అమ్మిన యూఎస్ ఫిడెలిస్ 2010లో దివాలా తీసింది.

అసలు సంగతి నీళ్లు. పాత మోటార్‌హోమ్‌ని ఎక్కువగా పాడుచేసేది వాన నీరు. రూఫ్ లీకులు, వాటివల్ల కుళ్లిన గోడలు, ఉబ్బిన ఫైబర్‌గ్లాస్ చాలా కాంట్రాక్టుల్లో కవర్ కావు. టైర్లు, అరుగుదల, కొనేనాటికే ఉన్న లోపాలు కూడా అంతే. అందుకే వారంటీ కంటే ముందు తనిఖీ. నిచ్చెనేసి పైకెక్కి ఏసీ చుట్టూ, వెంట్ల చుట్టూ సీలెంట్ పగిలిందేమో చూడండి. లోపలికొచ్చి కిటికీల కింది మూలల్లో, డ్రైవర్ సీటు పైనున్న బెడ్ మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి దిగితే ఆ బండి వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. టైరు పక్కన ముద్రించిన డాట్ (DOT) కోడ్ చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది; టైరు వయసుతోనూ పాడవుతుంది, గాడులు బాగున్నాయని మోసపోవద్దు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందు రోజే ఆన్ చేసి ఉంచమనండి. జనరేటర్ వేసి, దాని మీద ఏసీ నడిపించి చూడండి. సర్టిఫికెట్ ఉన్న ఆర్వీ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుంటే ఇంకా మంచిది. రేపు క్లెయిమ్ దగ్గర ‘ఇది పాత లోపం’ అని వాదిస్తే చూపించడానికి ఆ రిపోర్టు ఉంటుంది. రీకాల్ (లోపం ఉందని కంపెనీ బండ్లను రిపేరుకి వెనక్కి పిలవడం) ఉందేమో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో బండి గుర్తింపు సంఖ్య, అంటే విన్ నంబరు, కొట్టి చూడండి. ఆ రిపేర్లు సాధారణంగా ఉచితం, వాటికి ఏ వారంటీ అక్కర్లేదు.

కాంట్రాక్టుల్లో రెండు రకాలు. ఒకదాంట్లో కవరయ్యే భాగాల జాబితా ఉంటుంది, అందులో లేనిది రాదు. రెండోదాంట్లో కవర్ కానివాటి జాబితా ఉంటుంది. రెండోదే మేలు, కానీ ఖరీదెక్కువ. డిడక్టబుల్ (రిపేరు బిల్లులో మీ జేబులోంచి కట్టాల్సిన వాటా) ఒక్కో విజిట్‌కా, ఒక్కో భాగానికా అన్నది చూడండి. ఒకే విజిట్‌లో స్లైడ్ అవుట్ (ఆగినప్పుడు బయటికి జరిగి గదిని పెద్దది చేసే భాగం), ఫ్రిజ్, జనరేటర్ మూడూ బాగుచేయిస్తే, ‘ఒక్కో భాగానికి’ అన్న ఆ ఒక్క మాటతో డిడక్టబుల్ మూడింతలవుతుంది. మెకానిక్ గంట కూలికి పరిమితి ఉందా? లోపం కనుక్కోవడానికి ఇంజిన్ విప్పితే, క్లెయిమ్ తిరస్కరించాక ఆ కూలి ఎవరిది? క్యాంప్‌గ్రౌండ్‌కే వచ్చే మెకానిక్‌ని ఒప్పుకుంటారా? ఖాళీగా ఉన్నప్పుడు అద్దెకిస్తే వచ్చే డబ్బులు బాగానే ఉంటాయిగానీ, చాలా కాంట్రాక్టులు దాంతో చెల్లకుండా పోతాయి.

ఇక కొనాలా వద్దా. ఫోర్డ్ ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద కట్టిన చిన్న క్లాస్ సీ (డ్రైవర్ సీటు పైన బెడ్ ఉండే రకం) అయితే నా ఓటు వద్దనే. ఇంజిన్ చూసే మెకానిక్‌లు చాలాచోట్ల దొరుకుతారు. ఆ డబ్బు విడిగా బ్యాంకులో వేసి రిపేర్లకే వాడండి. స్లైడ్ అవుట్‌లు, లెవెలింగ్ జాక్‌లు (ఆపినప్పుడు బండిని సమంగా నిలిపేవి), పెద్ద జనరేటర్ ఉన్న పదేళ్ల డీజిల్ బండి, పైగా స్క్రూడ్రైవర్ పట్టే అలవాటు లేదంటే రెండో రకం కాంట్రాక్టు తీసుకోవచ్చు, అదీ తనిఖీ రిపోర్టు బాగుంటేనే.

తీసుకున్నాక ఆయిల్ మార్పు రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి, అవి లేవని క్లెయిమ్ కొట్టేస్తారు. రిపేరు మొదలుపెట్టే ముందే ఫోన్ చేసి అనుమతి నంబరు తీసుకోండి. మధ్యలో బండి అమ్మేస్తే మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి వస్తుందా, లేక కొన్నవాళ్ల పేరుకి మార్చొచ్చా, దానికి గడువెంత అన్నది కూడా సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.