మన చెరువుకు ఏమైంది? సమస్య, కారణం, పరిష్కారం

చెరువు కమిటీలకు, నీటి వినియోగదారుల సంఘాలకు, చెరువు పక్క కాలనీల వారికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. నీళ్ళలో కనిపించే చెడుకు మూలం చాలాసార్లు చెరువు బయటే ఉంటుంది. వెతకడం నీరొచ్చే దారి నుంచే మొదలుపెట్టండి.

సమస్య: వానలు బాగా కురిసినా చెరువు నిండడం లేదు

కారణం: తెలంగాణలో చాలావరకు గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండి అలుగు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) పారితేనే కింది చెరువుకు నీరు. మధ్యలో వరద కాలువ పూడినా, ప్లాట్ల కింద మాయమైనా గొలుసు తెగినట్టే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో వేలాది చెరువుల పూడిక తీశారు, మంచి పని. కానీ కాలువ తెగిన చోట ఎంత లోతు తవ్వినా ఏం లాభం?

పరిష్కారం: గ్రామ నక్షా పట్టుకుని పై చెరువు అలుగు దాకా కాలువ వెంట నడవండి. వాన వెలిసిన వెంటనే వెళ్తే నీరు ఎక్కడ పక్కకు మళ్ళుతోందో కళ్ళకే కనిపిస్తుంది. ఆ చోటు సర్వే నంబరు, ఫొటోలు జతచేసి తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

సమస్య: నీరు పచ్చబడింది, తెల్లవారేసరికి చేపలు తేలుతున్నాయి

కారణం: ఎవరో విషం కలిపారన్న అనుమానమే ముందు వస్తుంది. చేపలు తెల్లవారుజామునే నోళ్ళు తెరిచి పైకి వస్తుంటే ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్ కొరతను. మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది.

పరిష్కారం: అప్పటికి ఏరేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) పెట్టించి, చచ్చిన చేపలను కుళ్ళకముందే తీయించండి. మురుగును చెరువులో కలవకముందే అడ్డుకుని శుద్ధి కేంద్రానికి మళ్ళించేదాకా మాత్రం ఈ బాధ తీరదు.

సమస్య: గుర్రపుడెక్క తీసిన కొన్నాళ్ళకే మళ్ళీ కమ్మేస్తోంది

కారణం: దానికీ మురుగే మేత. పైగా విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. తీసిన మొక్కలను గట్టునే పోగుపెడితే కుళ్ళి, వానకు ఆ సారమంతా చెరువులోకే దిగుతుంది. లక్షలు ఖర్చుపెట్టి చెరువుకే ఎరువు వేస్తున్నాం!

పరిష్కారం: పూత రాకముందే తీయించి, అదే వారంలో దూరంగా కంపోస్టుకు తరలించండి. కాంట్రాక్టులో తరలింపును కూడా రాయించండి.

సమస్య: శిఖం భూమిలో (చెరువు నీరు నిలిచే నేలలో) కొత్త హద్దు రాళ్ళు వెలిశాయి

భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఏ కట్టడం లేకుండా వదలాలి. గోడ లేవకముందే ఫిర్యాదు చేయండి.

సమస్య: కట్ట దిగువన ఊట

కారణం: ఎలుక కన్నాలు, ఎండిన తుమ్మ వేళ్ళు, తూము పక్కన సరిగ్గా కుదించని మట్టి.

పరిష్కారం: ఆ నీటిని గాజు గ్లాసులో పట్టి వెలుగులో చూడండి. తేటగా ఉంటే రోజూ గమనిస్తూ ఉండవచ్చు. బురదగా ఉంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, అది ప్రమాదం. ఊట నోటిని బంకమట్టితో మూసేయవద్దు, నీరు మరోచోట తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల ముందు ఇసుక, దానిపైన కంకర పోయండి. అప్పుడు నీరు బయటికి వస్తుంది, మట్టి మాత్రం ఆగుతుంది. ఈలోగా ఏఈకి ఫోను చేసి, తూము తెరిపించి నీటిమట్టం తగ్గించండి, కింద ఉన్న ఇళ్ళవారిని అప్రమత్తం చేయండి.